ఈల మోగకముందే

“ఇక వదలడానికి లోపల గుడ్డ లేదండీ,” అంది భార్య, యూనిఫాం పాంటు తిరగేసి కుట్టు చూపిస్తూ.

పిడుగు ఆ మాట పట్టించుకోలేదు. అద్దం ముందు నిలబడి మీసం సవరించుకుంటున్నాడు. పిడుగు అతని అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. ఫైర్ స్టేషన్లో చేరిన కొత్తలో గంట మోగిందంటే చాలు, మిగతావాళ్ళు బూట్లు వెతుక్కునేలోగా బండెక్కి కూర్చునేవాడు. బండి పూర్తిగా ఆగకముందే దూకేవాడు. అప్పుడెవరో ముచ్చటపడి పెట్టిన పేరది. పేరు అలాగే ఉండిపోయింది, మనిషే మారాడు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకు ఆ పేరెందుకు వచ్చిందో అర్థం కాదు. పడితే నేల అదురుతుందని కాబోలు అనుకుంటారు.

“ఉతగ్గా ఉతగ్గా గుడ్డ కుంచించుకుపోయుంటుంది,” అన్నాడు అద్దంలోంచే.

“ఈ గుడ్డ ఉతికితే కుంచించుకుపోయే రకం కాదు. ఇన్నేళ్ళుగా కుడుతున్నదాన్ని, నాకు తెలీదా?”

“అయితే ఏదో ఒక ముక్క అతికించెయ్. వెనకాలే కదా, ఎవరు చూస్తారు!”

ఆమె పాంటు తీసుకుని మిషను ముందు కూర్చుంది. ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని ఆ వీధిలో సగం మందికి బట్టలు కుట్టే మనిషి. ఎవరి నడుము ఎంతో, ఎవరి భుజం ఏ పక్కకు వంగిందో చూపుతోనే చెప్పగలదు. అలాంటిది కట్టుకున్నవాడి విషయంలో మాత్రం ఆ చూపును మిషను సొరుగులో పెట్టి తాళం వేసింది. మిగతా ఇళ్ళలో మనిషి లావెక్కితే ముందు బట్టలు గోల పెడతాయి. గుండీ ఊడుతుంది, పాంటు పట్టదు, మనిషి కాస్త ఉలిక్కిపడతాడు. ఈ ఇంట్లో ఆ గోల ఎప్పుడూ లేదు. పాంటు బిగుతవుతోందని అతనికి తోచేలోపే ఆమె కుట్టు విప్పి, కాస్త వదిలి, ఇస్త్రీ చేసి పెట్టేసేది. దాంతో పిడుగు తన ఒళ్ళు ఉద్యోగంలో చేరిన రోజున ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందని గట్టిగా నమ్మాడు. లావు చాప కింద నీరులా వచ్చింది, చాపను ఎప్పటికప్పుడు పైకెత్తి సర్దింది ఇల్లాలే.

స్టేషన్లోనూ అంతే. పైపు మోయాల్సివస్తే “పిడుగన్నా, నువ్వుండు” అని ఎవరో ఒకరు చేతిలోంచి లాక్కునేవారు. నిచ్చెన ఎక్కాల్సివస్తే ఇంకొకరు ముందుకొచ్చేవారు. పెద్దవాడన్న గౌరవం వాళ్ళది. తన పెద్దరికానికి అది దక్కాల్సిందేనని అతని లెక్క.

ఇక తిండి సంగతి. ఫైర్ స్టేషన్లో తినేవాడు నమిలి తినడు. ముద్ద నోట్లో ఉండగా గంట మోగుతుందేమోనన్న భయంతో మింగేస్తాడు. పిడుగు ఇంట్లోనూ అలాగే తినేవాడు, తరిమే గంట లేకపోయినా. పైగా అతనికో పద్ధతి ఉంది. తింటుండగా గంట మోగి వెళ్ళాల్సివస్తే, తిరిగొచ్చాక కంచం మళ్ళీ మొదట్నుంచీ పెట్టించుకునేవాడు. మధ్యలో ఆగిపోయిన భోజనం భోజనం కిందకి రాదని అతని వాదన. ఆ రోజు మధ్యాహ్నం కూడా సగం కంచం ఖాళీ అయ్యాక గంట మోగింది.

ఒక పాత అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. కరెంటు తీగల దగ్గర పుట్టిన మంట కొద్దిదే, పొగ మాత్రం మెట్ల దాకా దిగింది. వెనక గదిలో ఒక ముసలాయన ఉండిపోయాడని కింద జనం అరుస్తున్నారు. పిడుగు, అతని జతగాడు బక్కోడు మాస్కులు తగిలించుకుని మెట్లెక్కారు. బక్కోడికి పని నేర్పింది పిడుగే. పైపు పట్టడం, చీకట్లో గోడ తడుముతూ నడవడం, తలుపు తెరిచేముందు చేతి వెనక భాగంతో వేడి చూడడం, అన్నీ.

వీపు మీద మోసే గాలి సిలిండర్ అందరికీ ఒకటే. అందులో పట్టే గాలి కూడా ఒకటే. అదెంతసేపు వస్తుందన్నది మాత్రం మోసేవాడి ఒంటిని బట్టి ఉంటుంది. గాలి అడుగంటబోతుందనగా సిలిండర్ దానంతటదే ఈల వేస్తుంది. ఆ ఈల ఎవరిదైనా సరే, జతలో ఇద్దరూ వెనక్కి తిరగాల్సిందే. ఇద్దరు వెళ్తే ఇద్దరూ రావాలి. ఒకణ్ణి పొగలో వదిలి ఇంకొకడు రాకూడదు.

మెట్లెక్కేసరికే పిడుగుకు ఆయాసం వచ్చేసింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. మాస్కులోంచి గాలిని గుటకలు గుటకలుగా లాగుతున్నాడు. మొదటి గది చూశారు, ఎవరూ లేరు. వంటగది చూశారు, అక్కడా లేరు. వెనక గది వైపు మలుపు తిరిగారో లేదో, ఈల మోగింది. పిడుగు వీపు మీది ఈల.

బక్కోడు ఒక్క క్షణం కదలలేదు. వాడి సిలిండర్లో ఇంకా బోలెడు గాలి ఉంది. తర్వాత పిడుగు మోచెయ్యి పట్టుకుని వెనక్కి నడిపించుకొచ్చాడు. వాళ్ళు దిగుతుంటే ఇంకో జత ఎక్కింది. కాసేపటికి ఆ జత ముసలాయన్ని భుజాన వేసుకుని దిగింది. ప్రాణం ఉంది. ఆసుపత్రి బండి ఆయన్ని తీసుకుని వెళ్ళిపోయింది.

స్టేషన్‌కొచ్చాక పిడుగు అలవాటుకొద్దీ కంచం ముందు కూర్చున్నాడు. ఎదురుగా కూర్చున్న బక్కోడు అతని వైపు ఒకసారి చూసి, తన కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు స్టేషన్ ఆఫీసర్ పిలిచింది. పిడుగు కంటే వయసులో చిన్నదే, మాటలో మాత్రం నాన్చుడు ఉండదు.

“కూర్చోండి. ఇవ్వాళ్టి నుంచి మీరు బయట పంపు దగ్గర ఉంటారు. లోపలికి వెళ్ళొద్దు.”

“ఒక్కరోజు ఏదో నలతగా ఉండి అలా అయింది మేడం.”

“ఒక్కరోజు కాదు. కిందటేడాది పొగ గది పరీక్షలో కూడా మీ ఈలే ముందు మోగింది. మీ సీనియారిటీ చూసి ఊరుకున్నాను, అది నా తప్పు. ఇంకో సంగతి. ఎవరో చెప్తే తెలియడం కంటే నేనే చెప్పడం నయం. మీ జతగాడు జత మార్చమని అడిగాడు.”

పిడుగుకు నెత్తిన రోకలి పడ్డట్టయింది. వాడా! తను చేయిపట్టి నడిపించినవాడా! ఆ గదిలోంచి ఎలా బయటికొచ్చాడో అతనికే తెలీదు. తిన్నగా పెరట్లోకి వెళ్ళాడు. బక్కోడు తడిసిన పైపుల్ని ఆరేస్తున్నాడు.

“ఏరా, నాతో పని చెయ్యలేనని మేడంకి చెప్పావంట? ఆ మాట నా మొహం మీద చెప్పడానికి నోరు రాలేదా?”

బక్కోడు పైపు కింద పెట్టాడు. పారిపోలేదు, బుకాయించలేదు.

“చెప్పడానికి ధైర్యం చాల్లేదన్నా. ఇప్పుడు చెప్తా విను. నీ ఈల మోగినప్పుడు మనం ఆ తలుపు దగ్గరే ఉన్నాం. తలుపవతల దగ్గు వినిపించింది. నీ ఈల గోలలో నీకు వినపడి ఉండదు. నాకు వినిపించింది. లోపల ఒక మనిషి దగ్గుతుంటే నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. రాత్రంతా ఆ దగ్గే వినిపించింది నాకు.”

పిడుగు చూపు కిందపెట్టిన పైపు మీదికి జారింది.

“ఆయన బతికాడు కాబట్టి సరిపోయింది. బతక్కపోతే?” వాడు పైపు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. “నువ్వంటే నాకు గౌరవం అన్నా. కానీ నీతో లోపలికి రాలేను.”

కోపంగా వెళ్ళిన మనిషి తేలు కుట్టిన దొంగలా తిరిగొచ్చాడు. వాడు తిట్టి ఉంటే ఎదురు తిట్టేవాడు. వెక్కిరించి ఉంటే చెంప పగలగొట్టేవాడు. వాడన్నదాంట్లో ఒక్క అబద్ధం కూడా లేదు. పిడుగుకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఒళ్ళంతా మండే సిగ్గు. జీవితమంతా మనుషుల్ని బయటికి తీసుకొచ్చేవాణ్ణి అనుకున్నాడు. నిన్న మాత్రం తననే ఒకడు చెయ్యిపట్టి బయటికి తెచ్చాడు, లోపలున్నవాణ్ణి వదిలేసి.

గుమ్మం దగ్గరే ఆగి, మళ్ళీ ఆఫీసర్ గదిలోకి వెళ్ళాడు.

“మేడం, వచ్చే పరీక్ష దాకా నాకు టైమివ్వండి. అందులో నా ఈల ముందుగా మోగితే, నా అంతట నేనే లోపలి పని వదిలేస్తా. పంపు దగ్గరే రిటైరవుతా.”

ఆమె అతని మొహంలోకి చూసింది. “ముందు డాక్టర్‌కి చూపించుకోండి. ఆయన సరేనంటే ట్రైనింగ్ టవర్ వాడుకోండి,” అంది. “మాస్కుతో ఎక్కేటప్పుడు కింద ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఒంటరిగా ఎక్కితే మాత్రం నేనే దింపేస్తాను.”

సాయంత్రం ఇంటికొచ్చాక చొక్కా విప్పి మిషను ముందు నిలబడ్డాడు.

“కొలతలు తియ్యి.”

భార్య వింతగా చూసింది. టేపు తీసి నడుము చుట్టూ వేసింది. ఎవరు కొలత ఇచ్చినా చేసే పనే అతనూ చేశాడు, పొట్ట లోపలికి లాగి ఊపిరి బిగబట్టాడు.

“వదలండి. టేపుకి మొహమాటం లేదు,” అంది ఆమె.

వదిలాడు. టేపు మీద చూసిన అంకె అతను నమ్మలేదు. టేపు పాతదై సాగిపోయిందన్నాడు. కొత్త టేపు తీసింది. అదీ అదే మాట చెప్పింది. అప్పుడుగానీ ఆమె ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు కుట్లు విప్పిందో బయటపడలేదు.

“కట్టుకున్న మొగుణ్ణే మోసం చేశావన్నమాట!”

“అవును, చేశాను,” అందామె. “ఒకసారి గుండీ ఊడితే రోజంతా మొహం వేలాడేసుకుని కూర్చున్నారు మీరు. మళ్ళీ ఆ మొహం చూడలేక విప్పాను. ఒకసారి విప్పాక రెండోసారి తేలికైంది. నిన్న లోపల గుడ్డ అయిపోయిందని తెలిశాక నాకు భయమేసింది. గుడ్డ గురించి కాదు, మీ గురించి. చెప్తే మీరు మీసం దువ్వుకున్నారు.”

అతను మిషను పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. పొగలో జరిగింది, బక్కోడు అన్నది, అంతా చెప్పాడు. చెబుతుంటే కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆమె టేపు చుట్టి పక్కన పెట్టి, అతని తల మీద చెయ్యి వేసింది.

“ఇక నా బట్టలు ముట్టుకోకు,” అన్నాడు చివరికి. “వదలొద్దు, అతకొద్దు. బిగుతైతే బిగుతుగానే ఉండనీ.”

“రేపు వంగితే చిరిగిపోతుంది మరి.”

“చిరిగిపోనీ.”

అన్నంత పనీ అయింది. మర్నాడే, అదీ అందరూ వరసలో నిలబడినప్పుడే చిరిగింది.

డాక్టర్ రక్తం తీయించి, గుండె చప్పుడు విని, “గుండెకేం లేదు. షుగర్ గుమ్మం దాకా వచ్చింది, ఇంకా లోపలికి రాలేదు. తలుపు వెయ్యడం మీ చేతుల్లో ఉంది,” అన్నాడు. నడక మొదలుపెట్టి, ఒంటికి అలవాటయ్యాకే మిగతావి చెయ్యమన్నాడు. పిడుగు బుద్ధిగా తలూపి, తెల్లారగానే పరిగెత్తాడు. కుర్రతనంలో ఎలా పరిగెత్తాడో అలాగే, వీధి చివరి మలుపు దాకా. మలుపు దగ్గర కళ్ళు బైర్లు కమ్మి ఒక గోడ పట్టుకున్నాడు. మర్నాడు మంచం దిగడానికి రెండు మోకాళ్ళూ ఒప్పుకోలేదు.

“దీన్నే ఆరంభ శూరత్వం అంటారు,” అంది భార్య, మోకాళ్ళకు నూనె రాస్తూ. “ఎల్లుండి నుంచి నేనూ వస్తా. ఇద్దరం నడుద్దాం.”

“నా కోసం నువ్వెందుకు కష్టపడడం?”

“మీ కోసమెవరొస్తారు? ఇన్నేళ్ళు మిషను ముందు కూర్చుని నా నడుమూ పట్టేసింది. నా బట్టలు కూడా నేనే కుట్టుకుంటాను కదా, ఎన్నిసార్లు విప్పానో మీకేం తెలుసు!”

ఇద్దరూ నడిచారు. మొదట్లో మాటాడుకుంటూ నడవడం అతనివల్ల కాలేదు. ఆమె మాటాడేది, అతను ‘ఊ’ కొట్టేవాడు. కొన్నాళ్ళకు ‘ఊ’ మాటైంది, మాట వాక్యమైంది, ఆ పైన వాదనలు కూడా మొదలయ్యాయి. వాదిస్తూ ఎత్తు ఎక్కగలిగిన రోజున ఆమె మధ్యలో ఆగిపోయి, “చూశారా, ఆయాసం లేకుండా నన్ను తిడుతున్నారు!” అని సంబరపడింది.

తిండి దగ్గర అసలు యుద్ధం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. అతనికి ఇంటి కంటే ముందు కంచం గెలవాల్సివచ్చింది. మెల్లగా నమలడం ఇంత కష్టమని ఏనాడూ అనుకోలేదు. ముద్ద నోట్లోకి వెళ్ళగానే గొంతు దాన్ని లాక్కునేది. ప్రతి ముద్దకూ చెయ్యి కంచం అంచున ఆనించి, నోరు ఖాళీ అయ్యాకే ఎత్తడం అలవాటు చేసుకున్నాడు. స్టేషన్లో గంట మోగి మధ్యలో లేస్తే, తిరిగొచ్చాక మిగిలింది మాత్రమే తినేవాడు. చల్లారిన ఆ సగం కంచం చూస్తే ఏడుపొచ్చేది, తినేవాడు. కూర్చున్నచోట వచ్చే బిస్కెట్లూ, చక్కెర దట్టించిన టీలూ మానేశాడు. “తిండికి తిమ్మరాజు సన్యాసం పుచ్చుకున్నాడు” అని తోటివాళ్ళు ఆటపట్టించారు. మొదట ఉడుక్కున్నాడు, తర్వాత తనూ నవ్వాడు.

ప్రతిసారీ గెలిచాడని కాదు. ఒకాయన రిటైరైన రోజున కేకు కోశారు. ఒక ముక్కతో ఆగుదామనుకుని ఎన్ని తిన్నాడో తెలీనంత తిన్నాడు. ఇంటికొచ్చి ఇక నావల్ల కాదని మంచమెక్కి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పొద్దున్నే ఆమె చెప్పులు రెండు జతలూ గుమ్మం ముందు పెట్టి పిలిచింది.

“నిన్న తిన్నది నిన్నటితో పోయింది. లేవండి.”

“ఎందుకే, నన్నొదిలెయ్.”

“కుట్టు వంకరపోతే గుడ్డ చింపేస్తామా? అక్కడి దాకా విప్పి మళ్ళీ కుడతాం. లేవండి, ఎండెక్కుతోంది.”

లేచాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఆ ఇంట్లో మొండివాళ్ళు ఇద్దరు.

ఒళ్ళు నడకకు లొంగాక డాక్టర్ని మళ్ళీ అడిగి టవర్ మొదలుపెట్టాడు. ఇటుకలతో కట్టిన ఎత్తైన ట్రైనింగ్ టవర్ అది. లోపలంతా ఇరుకు మెట్లు. కాపలాకు ఫైరింజన్ డ్రైవరు, స్టేషన్లో అందరూ బాబాయి అని పిలిచే పెద్దాయన, ఒప్పుకున్నాడు. కింద కుర్చీ వేసుకుని పేపర్ చదువుతూ, “ఒరేయ్, నువ్వు పడితే పట్టుకోవడం నావల్ల కాదు. గట్టిగా అరుస్తానంతే,” అనేవాడు. మొదట వట్టి ఒంటితో ఎక్కాడు. తర్వాత భుజాన పైపు చుట్టతో. ఆ తర్వాత పాత సిలిండర్, మాస్కు తగిలించుకుని.

మాస్కుతో అసలు సంగతి తెలిసింది. కాళ్ళు తొందరపడితే ఊపిరి తొందరపడుతుంది. ఊపిరి తొందరపడితే మనసులో భయం పుడుతుంది. భయం పుడితే గాలి ఇట్టే అయిపోతుంది. మెట్టు మెట్టుకూ ఊపిరి మెల్లగా, పూర్తిగా వదలడం నేర్చుకున్నాడు. తనకు తెలియని పని కాదిది. బక్కోడికి తనే చెప్పాడు ఒకప్పుడు. చెప్పినవాడే చెయ్యడం మానేశాడు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో అంతస్తు ఎక్కేవాడు.

మంటల దగ్గర మాత్రం పంపు పక్కనే నిలబడ్డాడు. మిగతావాళ్ళు మాస్కులు వేసుకుని లోపలికి వెళ్తుంటే పంపు చక్రం తిప్పుతూ బయట ఉండిపోవడం నరకంగా ఉండేది. అయినా ఒక్కసారి కూడా నీటి ఒత్తిడి తగ్గనివ్వలేదు. బక్కోడు వేరే జతతో వెళ్ళొచ్చేవాడు. ఎదురైతే “అన్నా” అని పక్కకు తప్పుకునేవాడు, అంతకుమించి మాట లేదు. ఒకరోజు పిడుగు మాస్కుతో టవర్ దిగుతుంటే వాడు కింద నిలబడి చూస్తున్నాడు. పిడుగు మాస్కు తీసేలోపు వెళ్ళిపోయాడు.

పరీక్ష రోజు వచ్చింది. పొగ గది అంటే పెరటి చివరున్న రేకుల షెడ్డు. లోపల గోడలతో గదులు, మలుపులు. ఉత్తుత్తి పొగ నింపి, దీపాలు తీసేస్తారు. ఏదో ఒక గదిలో మనిషంత బరువున్న ఇసుక బొమ్మ ఉంటుంది. జతగా వెళ్ళి, గదులన్నీ వెతికి, బొమ్మను బయటికి తేవాలి. అన్ని గదులూ అయ్యేదాకా ఈల మోగకూడదు.

“పిడుగు గారితో ఎవరు వెళ్తారు?” అడిగింది ఆఫీసర్.

ఎవరూ ముందుకు రాలేదు. ఎవరి బూట్లు వాళ్ళు చూసుకున్నారు. బక్కోడు కూడా. ఆ కాసేపూ పిడుగు తల దించుకోలేదు, అదొక్కటే చెయ్యగలిగాడు.

“అయితే నేనొస్తాను,” అని ఆమె తన మాస్కు అందుకుంది.

పొగలోకి వెళ్ళగానే పాత పిడుగు లేచాడు. గుండె గబగబా కొట్టుకుంది. గాలి లాగమని, ఇంకా లాగమని ఒళ్ళు అరిచింది. అతను గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఊపిరి మొత్తం వదిలాడు. మళ్ళీ మెల్లగా తీసుకున్నాడు. ఇంకోసారి. ఒళ్ళు మాట వింది. కదిలాడు. గోడ వెంబడి, మోకాళ్ళ మీద, చెయ్యి ముందుకు చాపి. మొదటి గది ఖాళీ. రెండోది ఖాళీ. మలుపు తిరిగాడు. ఆ రోజు ఆగిపోయింది సరిగ్గా ఇలాంటి మలుపులోనే. ఇక్కడ మోగుతుంది, ఇప్పుడు మోగుతుంది అని మనసు చెబుతూనే ఉంది. మోగలేదు. వెనక గది తలుపు తోశాడు. చేతికి బొమ్మ కాలు తగిలింది.

బొమ్మను భుజానికెత్తుకుంటుంటే తొడలు వణికాయి. టవర్ మెట్లెక్కినన్నాళ్ళూ ఎక్కింది ఈ ఒక్కసారి లేవడానికేనని అతనికి తెలుసు. లేచాడు. ఆఫీసర్ చెయ్యి అతని వీపు మీద ఉంది, నడిపించడానికి కాదు, వెంట ఉన్నానని చెప్పడానికి. ఇద్దరూ వెలుగులోకి వచ్చాక బొమ్మను నేల మీద పడేయకుండా నెమ్మదిగా దించాడు. ఆమె అతని గాలి మీటరు వెలుతురులోకి తిప్పి చూసింది.

“ఇంకా ఉంది,” అంది. అంతే, అంతకంటే పొగడడం ఆమెకు రాదు. “రేపట్నుంచి లోపలి పనికి రండి. ఎవరితో వెళ్తారన్నది మాత్రం మీరూ మీరూ తేల్చుకోండి. నమ్మకం నేను ఆర్డరు వేసి ఇప్పించేది కాదు.”

బాబాయి పేపర్ గాల్లోకి ఎగరేశాడు. తోటివాళ్ళు చప్పట్లు కొట్టారు. పిడుగు కళ్ళు ఒక్కడి కోసం వెతికాయి. బక్కోడు పైపులు చుట్టడానికి అవతలికి వెళ్ళిపోయాడు. పరీక్ష గెలిచిన సంతోషం సగానికి సగం అక్కడే నీరుగారిపోయింది. ఇంత కష్టమూ ఆ ఒక్కడి కోసమేనని పిడుగుకు అప్పుడు బాగా అర్థమైంది.

ఇంట్లో భార్యకు చెప్పాడు. ఆమె సంతోషించి, ఆ వెంటనే అతని మొహం చూసి, “వాడేమన్నాడు?” అని అడిగింది.

“ఏమీ అన్లేదు.”

“అంటాడులెండి. మీరు ఇన్నేళ్ళు పోగొట్టుకున్నది ఒక్క పొద్దులో తెచ్చేసుకుందామంటే ఎలా?”

“అనకపోయినా పొద్దున్నే నడక మానను,” అన్నాడతను. ఆ మాట అన్నాక అది నిజమేనని తెలిసి అతనికే ఆశ్చర్యం వేసింది.

మర్నాడు పొద్దెక్కాక గంట మోగింది. ఒక అట్టపెట్టెల గోదాము. పై అంతస్తు కిటికీల్లోంచి నల్లటి పొగ పొర్లుతోంది. లెక్కకు ఒక పనివాడు తగ్గాడని మేస్త్రీ ఏడుస్తూ చెప్పాడు.

“లోపలికి ఒక జత!” ఆఫీసర్ అరిచింది.

బండి పక్కన ముగ్గురు మాస్కులు తగిలించుకుని సిద్ధంగా ఉన్నారు. బక్కోడు, ఈమధ్య వాడికి జతగా వెళ్తున్నవాడు, పిడుగు. లోపలికి వెళ్ళేముందు ప్రతివాడూ జతగాడి వైపు వీపు తిప్పి నిలబడాలి. సిలిండర్ వాల్వు పూర్తిగా తెరుచుకుందా, పట్టీలు మెలికపడ్డాయా అన్నది వాడు చూసి చెప్పాలి. ఎవడి వీపూ వాడికి కనిపించదు. అందుకే ఎవరివైపు వీపు తిప్పామో వాళ్ళ చేతుల్లో ప్రాణం పెట్టినట్టే.

పిడుగు పంపు వైపు ఒక అడుగు వేశాడు. అడగకూడదు, అడిగి తెచ్చుకునేది కాదిది.

బక్కోడు పొగ చూశాడు. తన పక్కనున్నవాణ్ణి చూశాడు. వాణ్ణి దాటుకుని నాలుగడుగులు నడిచి పిడుగు ముందుకొచ్చాడు. వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

పిడుగు చేతి తొడుగు సరిచేసుకుని, వాల్వు పూర్తిగా తెరుచుకుందో లేదో తిప్పి చూశాడు. ఎడమ భుజం మీద మెలికపడిన పట్టీని తిన్నగా లాగాడు.

“సరిగ్గా ఉంది,” అన్నాడు.

ఆ తర్వాత తన వీపు వాడి వైపు తిప్పాడు.